పశ్చాత్తాపమును మారుమనస్సును

క్రైస్తవుల తెలుఁగు బైబిలునందు మారుమనస్సు అను పదము తఱచుగాఁ గనఁబడును. ఆ మతమునకుఁ జెందని మాబోఁటివారి చెవులకు అది మొదట వింతగాఁ దోఁచును. పశ్చాత్తాపమను చక్కని సంస్కృతపద ముండఁగా, ప్రాయశ్చిత్తమను శాస్త్రపదమును ఉండఁగా, ఈ క్రొత్త సమాస మేల కావలసివచ్చెనని మేము చిరకాలము సంశయించితిమి. మూలమునందలి గ్రీకుమాట యేదో తెలిసికొన్న పిమ్మట ఆ సంశయము తీఱినది. అంతేకాక, ఆ యొక్క పదమును ఎట్లు భాషాంతరీకరింపవలెనను తగవు ఐరోపాఖండమునఁ బుట్టిన గొప్ప మతవిప్లవములోఁ జేరినదనియు, పండితులతో ముగియక న్యాయాధిపతుల యిండ్లలోనికిని ఓడనాయకుల గదులలోనికిని వచ్చినదనియు తెలిసినది. ఆ చరిత్రమును గొంత యిచ్చట వ్రాయఁదలఁచితిమి.

ముందుగా మన మాటలను చూతము. ప్రాయమన తపస్సు, చిత్తమన నిశ్చయము అని ప్రాయశ్చిత్తమునకు మన ప్రాచీనులు వ్యుత్పత్తి చెప్పిరి. ఉపవాసమో, వ్రతమో, జపమో, ఏదైనను అది మనుష్యుఁడు చేయు పని. పశ్చాత్తాపమన్ననో, పని జరిగిన వెనుకఁ గలుగు తాపము. అది మనుష్యుఁ డనుభవించు బాధ. మనువు పదునొకండవ యధ్యాయమున పాపవిముక్తికి మార్గములను జెప్పుచు, చేసిన తప్పును నలుగురిలోఁ జాటుకొనుటను, అనుతాపమును, తపస్సును, అధ్యయనమును పేర్కొని, ఆపదయందైనచో దానమును అంగీకరించెను; మఱల నిట్లు చేయనని నివృత్తుఁడగువాఁడు పవిత్రుఁడగునని ఆ వెంటనే చేర్చెను. మన పురోహితులలోఁ బెక్కుమంది ఈ పట్టికయందు దానమును మాత్రము మఱవకుండుటయు, నివృత్తిని మాత్రము జ్ఞాపకము చేయకుండుటయు చదువరు లెఱిఁగినదే.

క్రొత్తనిబంధన గ్రంథకర్తలు వాడిన గ్రీకుమాట మెటనోయియ. అందు మొదటి భాగము మార్పును, రెండవ భాగము బుద్ధిని దెలుపును. తెలుఁగుచేసినవారు ఆ పదము నంగాంగముగా విడఁదీసి, మార్పునకు మార్పును మనస్సునకు మనస్సును పెట్టిరి. యోహాను యోర్దాను నదీతీరమునను, యేసు గలిలయప్రాంతమునను మొట్టమొదట బోధించినది దీనినే. ఈ తలంపునకు వెనుక హెబ్రీభాషలోని షూవ్ అను ధాతు వున్నది. తిరుగుట, మరలుట అని దాని యర్థము. ప్రవక్తలందఱును తమ జనులను మరలుఁడని పిలిచినది ఆ ధాతువుతోనే. త్రోవ తప్పిన బాటసారి తప్పు తెలిసికొని యచ్చటనే కూర్చుండి యేడ్చినచో నిల్లు చేరఁడు. లూకా సువార్తయందలి తప్పిపోయిన కుమారుని కథలో, పందులు మేపుచు నాఁకలితో మాడుచున్న యా యువకునకు బుద్ధి వచ్చినది. కాని కథ నడచినది వాఁడు లేచి తండ్రి యింటిదారి పట్టినప్పుడు.

ఈ భేదమును గ్రంథకర్తలు ఎఱుఁగక వాడలేదు. గురువును పట్టియిచ్చిన యూదా, శిక్ష విధింపఁబడుట చూచి, తాను పుచ్చుకొన్న ముప్పది వెండినాణెములను యాజకులకుఁ దెచ్చియిచ్చి, వారు పొమ్మనఁగా దేవాలయమునఁ బాఱవైచి, పోయి యురి పెట్టుకొనెనని మత్తయి చెప్పును. అచ్చట మత్తయి వాడిన క్రియ మెటనోయియకు సంబంధించినది కాదు. జరిగినదానికై చింతించుట అను అర్థము గల మెటమెలొమై అను వేఱు క్రియను అతఁడు వాడెను. యూదాకుఁ గలిగిన తాప మబద్ధము కాదు. ప్రాణము తీసికొనునంతటి తాపము. ఐనను దాని కా పేరు దొరకలేదు. అదే రాత్రి గురువు నెఱుఁగనని ముమ్మాఱు బొంకిన పేతురును వెక్కివెక్కి యేడ్చెను. కాని యతఁడు మరలివచ్చెను. ఇఁక జక్కయ యను సుంకరి కథలో నేడుపే లేదు. యేసు తన యింట విడిసిన దినమున అతఁడు లేచి నిలిచి, తన యాస్తిలో సగము బీదల కిచ్చెదననియు, ఎవనియొద్ద నన్యాయముగా నేమైనఁ దీసికొనియున్నచో నాలుగంతలు మఱల నిచ్చెదననియుఁ జెప్పెను. అంతటితో ఆ యింటికి రక్షణ వచ్చినదని యేసు పలికెను. దొంగిలిన గొఱ్ఱెకు నాలుగు గొఱ్ఱెల నియ్యవలెనని మోషే ధర్మశాస్త్రము విధించినది. సుంకరి తన కాశాసనమును దానే విధించుకొనెను.

మూలమున నింత తేటగా నున్న మాట లాటినుభాషలోనికి వచ్చునప్పటికి రూపు మాఱెను. నాలుగవ శతాబ్దాంతమున జెరోము పండితుఁడు సవరించి కూర్చిన లాటిను బైబిలునందు, మారుమనస్సు పొందుఁడనుచోట పెనిటెన్షియ చేయుఁడని యున్నది. అంతకుముందే లాటిను క్రైస్తవులలో నది రూఢమైన వాడుక. చేయుఁడను క్రియ యొక్కటి చాలును, చేయవలసిన పనుల పట్టిక దాని వెంట రాక మానదు. తొలి శతాబ్దములలో, హత్య, వ్యభిచారము, విగ్రహారాధనము వంటి మహాపాతకములకు పాల్పడినవారు గోనె గట్టి, బూడిద పూసికొని, సంఘమువారి యెదుట సంవత్సరములకొలఁది నిలువవలసియుండెను. ఆ యవకాశమును జన్మమునకు ఒక్కసారియే. థెస్సలొనీక నగరమున వేలకొలఁది జనులను చంపించిన రోమను చక్రవర్తి థియొడోసియసును 390లో మిలాను బిషప్పగు అంబ్రోసు దేవాలయప్రసాదమునకు దూరము చేసి, సామాన్యునివలె బహిరంగముగాఁ బశ్చాత్తప్తుఁడగునట్లు చేసెను. చక్రవర్తి తలవంచిన యా దృశ్యము మాకుఁ గౌరవార్హముగనే తోఁచుచున్నది. పిమ్మట ఐర్లెండు దేశపు సన్న్యాసులు రహస్యముగాఁ బాపము చెప్పికొను పద్ధతిని వ్యాపింపఁజేసి, ఏ పాపమున కెన్ని దినములు రొట్టెయు నీళ్లును మాత్రమే పుచ్చుకొనవలెనో గ్రంథములుగా వ్రాసిపెట్టిరి. 1215లో రోమునగరమున లాటెరను మహాసభవారు ప్రతి క్రైస్తవుఁడును సంవత్సరమున కొకసారియైన గురువునొద్దఁ బాపము నొప్పికొనవలెనని శాసించిరి.

దీనినంతను మూఢాచారమని త్రోసివేయుట న్యాయము కాదు. దొంగసొమ్ము తిరిగి యియ్యఁగల శక్తి యుండియు నియ్యనివానికిఁ బాపక్షమ లేదని అగస్టీను ఐదవ శతాబ్దారంభమున ఖండితముగా వ్రాసెను. మధ్యయుగపు ధర్మవేత్తలు ఆ మాటను విడువలేదు. అయినను పనులకు ధర కట్టిన తరువాత ధరకు బదులు ధనము వచ్చుట దూరము కాదు. మెయిన్‌ట్సు ఆర్చిబిషప్పగు ఆల్‌బ్రెష్టు తన పదవికై చేసిన యప్పు ఫుగ్గరుల వడ్డీకొట్టునకుఁ దీర్చుటకును, రోమున సెయింటు పీటరు దేవాలయము కట్టుటకును గావలసిన ధనమును, పాపశిక్ష తగ్గించు పత్రముల నమ్మి కూడఁబెట్టు నేర్పాటు జరిగెను. టెట్సెలను సన్న్యాసి జర్మనీలో ఆ పత్రముల విక్రయమునకుఁ బూనుకొనెను. ఈ పత్రము చేతనుండఁగా నిఁక ఏడ్చుట యెందుకు, మరలుట యెందుకు?

ఇచ్చట పండితుని కలము పనికివచ్చెను. ఎరాస్మసు 1516లో గ్రీకు క్రొత్తనిబంధనమును అచ్చొత్తించి, దానిప్రక్కన తన లాటిను అనువాదమును, వివరణములను జేర్చి, పెనిటెన్షియ చేయుఁడను పాత మాట మూలమునకు సరిపడదని చూపెను. విట్టెన్‌బర్గు విశ్వవిద్యాలయమున బోధకుఁడగు మార్టిను లూథరు 1517 అక్టోబరు 31వ తేదీని ప్రకటించిన తొంబదియైదు ప్రతిజ్ఞలలో మొదటిదియే ఈ పదమును గూర్చినది. విశ్వాసుల జీవితమంతయు మారుమనస్సుగా నుండవలెననుటయే క్రీస్తు తాత్పర్యమని అందలి సారము. మఱుసటి యేఁడు తన గురువగు స్టౌపిట్సునకు వ్రాసిన లేఖలో, ఒకప్పుడు తనకుఁ బెనిటెన్షియ యనుకంటెఁ జేఁదైన మాట లేకుండెననియు, గ్రీకుమూలము తెలిసిన తరువాత అదియే తీయనిదైనదనియు లూథరు తెలిపెను. ఇంగ్లండులో విలియము టిండెలు 1526లో అచ్చొత్తించిన అనువాదమున ప్రాయశ్చిత్తము చేయుఁడను పద్ధతిని వదలి, పశ్చాత్తప్తులు కండని వ్రాసెను. ఈ మాటమార్పును సర్ థామసు మోరు గ్రంథముఖమున ఖండించెను. టిండెలు 1536లో మతద్రోహియను నేరముమీఁద చంపఁబడెను.

ఇట్లు పశ్చాత్తాపము వెలుపలినుండి లోపలికిఁ బోయినది. అది మేలే. కాని లోపలికిఁ బోయినదానిని చూచువా రెవరు? మా తరగతిలో నొకనాఁడు జరిగిన చిన్న సంగతి యిచ్చట జ్ఞాపకము వచ్చుచున్నది. ఒక కుఱ్ఱవాఁడు ప్రక్కవాని పలకను పగులఁగొట్టెను. మేము గద్దింపఁగా కన్నీళ్లు కార్చుచు, చేతులు జోడించి, తప్పయినది మాస్టరుగారూ అని మమ్ము వేఁడికొనెను. మాకు జాలి కలిగి, పోయి కూర్చుండుమంటిమి. బడి విడిచిన తరువాతఁ జూడఁగా, పలక పోయినవాఁడు ముక్కలను సంచిలోఁ బెట్టికొని యింటికిఁ బోవుచుండెను. ఏడ్చినవానికి క్షమ దొరకినది. క్షమించిన మాకు సంతృప్తి దొరకినది. పలక మాత్ర మెవరికిని దొరకలేదు. తప్పెవరిది యని యోచింపఁగా సగము మాదే యని తోఁచినది. దేవునితో సమాధానపడినవాఁడు తాను బాధించినవానితోఁ బనిలేదనుకొను ప్రమాద మెట్టిదో ఆ దినమున మాకుఁ గొంత తెలిసినది. బలిపీఠమునొద్ద కర్పణము తెచ్చినవానికి సోదరునితో విరోధము జ్ఞాపకము వచ్చినచో, అర్పణము నచ్చటనే విడిచి, ముందు సోదరునితో సమాధానపడవలెనని యేసు బోధించినది ఈ ప్రమాదము నెఱిఁగియే కావలెను.

లూథరు తరువాత నూటడెబ్బదియైదేండ్లకు, సముద్రము నావల, ఆంగ్లేయుల వలసయగు మాసచ్యూసెట్సులో, ఈ ప్రశ్న మిక్కిలి దారుణముగాఁ బైకి వచ్చెను. 1692లో సేలము గ్రామమునఁ గొందఱు బాలికలకు మూర్ఛలు వచ్చి, ఫలానివారు మంత్రగత్తెలై తమ్ము బాధించుచున్నారని కేకలు వేయసాగిరి. గవర్నరు విచారణకై ప్రత్యేక న్యాయస్థానము నేర్పఱచెను. నిందితుని ఛాయారూపము మాకుఁ గనఁబడి గిల్లినదని బాలికలు చెప్పుట సాక్ష్యముగా నంగీకరింపఁబడెను. పందొమ్మండ్రు ఉరితీయఁబడిరి, వారిలోఁ బదునలుగురు స్త్రీలు. నేరమునకు జవాబు చెప్పనని నిలిచిన వృద్ధుఁడగు జైల్సు కోరీ ఱాళ్లబరువుక్రింద నలిగి చనిపోయెను. ఇంక కొందఱు చెఱసాలలోనే మరణించిరి. ఇందులో అన్నింటికంటె విపరీతమైన సంగతి యిది: నేను మంత్రగత్తెనే యని యొప్పుకొని, ఆ యొప్పుకోలుపై నిలిచినవారెవ్వరును ఉరి యెక్కలేదు. అబద్ధపు పశ్చాత్తాపము ప్రాణము నిలిపినది. నేనట్టిదానను కానని దేవుని పేర నిజము పలికినవారు ప్రాణము గోల్పోయిరి. పశ్చాత్తాపమునకు ప్రభుత్వము ధర కట్టినప్పుడు జరుగునది యిట్టిదే.

ఆ న్యాయాధిపతులలో శామ్యూలు సూయలు ఒకఁడు. హార్వర్డులోఁ జదివినవాఁడు, ధనికుఁడు, నిష్ఠాపరుఁడు. తన దినచర్యను జీవితమంతయు వ్రాసికొనెను. అది నేఁటికిని నిలిచియున్నందున ఆతని మనస్సులోనికిఁ గొంత తొంగిచూడఁగలుగుచున్నాము. న్యాయస్థానము రద్దయిన తరువాత నాలుగేండ్లు ఆతఁడు బహిరంగముగా నేమియు ననలేదు. 1696లో నాతని యింట దుఃఖము మీఁద దుఃఖము వచ్చెను. మే నెలలో భార్య మృతశిశువును గనెను. డిసెంబరులో రెండేండ్ల కూఁతురు సారా చనిపోయెను. మఱునాఁడు, పసిదాని శవ మింకను ఇంటనే యుండఁగా, పెద్దకుమారుఁడు లాటిను బైబిలునుండి మత్తయి పండ్రెండవ యధ్యాయమును దండ్రికిఁ జదివి వినిపించెను. బలికంటె దయయే కావలెనను సంగతి తెలిసియున్నచో నిర్దోషులకు శిక్ష విధించియుండరని భావము గల వాక్యము అందున్నది. ఆ వాక్యము సేలము ఘోరమును తనకు భయంకరముగా జ్ఞాపకమునకుఁ దెచ్చెనని సూయలు ఆ దినమున వ్రాసికొనెను.

1697 జనవరి 14వ తేదీని దేశమంతయు ఉపవాసదినముగాఁ బాటింపవలెనని ప్రభుత్వము ప్రకటించియుండెను. నాఁడు బోస్టనులోని తన దేవాలయమున, పీఠమువైపునకుఁ బోవుచున్న గురువు విల్లర్డుచేతికి సూయలు ఒక కాగితము నిచ్చెను. గురువు దానిని సభలోఁ బైకిఁ జదువఁగా, ఆతఁడు తన యాసనమునొద్ద లేచి నిలుచుండి, చదువుట ముగియఁగానే తలవంచెను. సేలము విచారణలో తనకు అంటిన దోషమును గుర్తించితిననియు, దాని నిందయు సిగ్గును తానే వహించెదననియు, మనుష్యులను క్షమాపణము వేఁడుచున్నాననియు, ఆ పాపఫలము తన కుటుంబముమీఁదను దేశముమీఁదను రాకుండునట్లు దేవుని ప్రార్థింపుఁడనియు ఆ కాగితమునందలి విషయము.

ఇందులో బిడ్డలు పోవుదురను భయము కలసియున్నదని విమర్శించువారు విమర్శింపవచ్చును. నిజమే. ఉరికంబమున వ్రేలాడినవారి బిడ్డల యేడ్పు నాలుగేండ్లు వినఁబడనివానికి సొంతబిడ్డ శవము ఇంట నుండఁగా వినఁబడెను. మానవహృదయము తెఱచుకొను తలుపులు తఱచుగా నిట్టివే. అయినను ఆతఁడు చేసినదానిని తక్కువగా నెంచరాదు. న్యాయపీఠముమీఁదఁ గూర్చున్నవాఁడు, నాఁటి చట్టము ప్రకారము నడిచితిననియో, తోడి న్యాయాధిపతులును సమ్మతించిరనియో, బాలికలు నన్ను మోసగించిరనియో చెప్పుటకు వీలుండియు, ఆ మూఁడింటిలో నొక్కటియుఁ జెప్పలేదు. ఆ న్యాయస్థానమున కధ్యక్షుఁడగు స్టౌటను 1701లోఁ జనిపోవునంతవఱకును బహిరంగముగాఁ దప్పొప్పుకొనలేదు. 1697లోనే పండ్రెండుగురు జూరీలు క్షమాపణపత్రముపై సంతకములు చేసిరి. నేరారోపణము చేసిన బాలికలలో నొకతెయగు ఆను పుట్నము, పండ్రెండేండ్ల ప్రాయమునఁ బలికిన పలుకులకు 1706లో గ్రామదేవాలయమున నిలిచి క్షమాపణము వేఁడెను. తన్ను సైతాను మోసగించెనని మాత్రము ఆమె చేర్చినది.

సూయలు మాట దేవాలయముతో ఆఁగిపోలేదని చెప్పుటకు మఱియొక నిదర్శనము గలదు. 1700లో నాతఁడు యోసేపు విక్రయమను పేరుగల చిన్న గ్రంథమును ప్రకటించెను. సొంత యన్నలే యోసేపును ఐగుప్తునకు బానిసగా నమ్మిన కథ నాధారముగాఁ గొని, ఆఫ్రికనులను కొని యమ్ముట యధర్మమని యందు వాదించెను. ఆ వలసలలో నచ్చయిన తొలి బానిసత్వవ్యతిరేక గ్రంథములలో నది యొకటి. ఒక విషయమున చట్టము తప్పుగా నుండవచ్చునని తెలిసినవానికి మఱియొక విషయమునందును అది తప్పు కావచ్చునని తోఁచుట సహజము.

నష్టపరిహారము మాత్రము నెమ్మదిగా వచ్చెను. 1711లో మాసచ్యూసెట్సు ప్రభుత్వము పెక్కుమంది శిక్షలను రద్దుచేసి, బాధితుల కుటుంబములకు 578 పౌనుల 12 షిల్లింగుల నిచ్చుట కేర్పాటు చేసెను. కొందఱి పేరు లా శాసనమునఁ జేరలేదు. ఎలిజబెత్ జాన్సనను నామె మరణశిక్ష పొందియు ఉరి తప్పించుకొన్నది. బిడ్డలు లేనిది, ఆమెకై యడుగువారు లేరైరి. ఒక పాఠశాలలో ఎనిమిదవ తరగతి విద్యార్థులు ఆమె చరిత్రమును చదివి, శాసనసభకు విన్నపములు పంపఁగా, 2022లో నామెపేర నున్న మచ్చ తొలఁగింపఁబడెను. అప్పటికి 330 ఏండ్లు గడచినవి. బడిపంతులమైన మాకు ఈ సంగతి యెంతయు సంతోషము కలిగించినదని వేఱుగఁ జెప్పనక్కఱలేదు.

సూయలునకుఁ గన్నీరు ఆలస్యముగా వచ్చినది. జాను న్యూటనునకు కన్నీరు ముందే వచ్చినది. కన్నులు మాత్ర మాలస్యముగాఁ దెఱచుకొన్నవి. ఈతని కథ మఱింత చిక్కైనది.

న్యూటను 1725లో లండనులోఁ బుట్టెను. తండ్రి ఓడనాయకుఁడు, తల్లి యాతని యేడవయేఁట గతించెను. బలవంతముగా నౌకాదళమునఁ జేర్పఁబడి, పాఱిపోయి, పట్టుబడి, కొరడాదెబ్బలు తిని, తుదకు ఆఫ్రికా పశ్చిమతీరమునఁ దెల్ల వర్తకునియొద్ద అన్నమునకు మొగము వాచి బ్రదికెను. దైవదూషణమున నావికులకే వెగటు పుట్టించెడివాఁడని యాతఁడే వ్రాసికొనినాఁడు. 1748 మార్చినెలలో గ్రేహౌండను నోడలో ఇంగ్లండునకుఁ దిరిగి వచ్చుచుండఁగా, ఉత్తర అట్లాంటికుసముద్రమున ఘోరమైన తుపాను పట్టెను. తెల్లవాఱక మునుపునుండి మధ్యాహ్నము కావచ్చువఱకు నీరు తోడి తోడి, నిలువలేక చుక్కానియొద్దఁ గూర్చుండి, ఏండ్ల తరువాత మొదటిసారి దేవుని కరుణ యను మాట నాతఁడు తలఁచెను. ఓడ బయటపడెను. ఆనాఁటినుండి దూషణము మానెను, బైబిలు పట్టెను, ప్రార్థింపసాగెను. క్రైస్తవలోకమున నీ తుపాను ప్రసిద్ధమైనది. ఉపన్యాసకు లిచ్చటనే కథ ముగింతురు.

తరువాతి కథ యిది. ఆ సంవత్సరమే న్యూటను బానిసల నోడలో రెండవ అధికారిగాఁ జేరెను. 1750 మొదలు 1754 వఱకు బానిసల నోడలకు నాయకుఁడై మూఁడు యాత్రలు చేసెను. ఓడమీఁద ఆదివారమున రెండుసారులు నావికులను గూర్చి ప్రార్థన జరిపెడివాఁడు. ఓడ క్రిందిభాగమున మనుష్యులు సంకెళ్లలోఁ బడియుండెడివారు. తిరుగుబాటు పన్నిరను ననుమానముమీఁద కొందఱు బాలురను సంకెళ్లు వేయించి, నిజము చెప్పించుటకు బొటనవ్రేళ్లను నొక్కు మరలను పెట్టించితినని 1752 నాఁటి యోడదినచర్యలోఁ దానే వ్రాసెను. 1754లో ఓడ బయలుదేఱుటకు రెండుదినముల ముందు మూర్ఛ వచ్చినందున వైద్యుల మాటపై సముద్రయానము మానెను. మనస్సాక్షి మానిపింపలేదు, రోగము మానిపించినది. 1764లో గురుత్వము పొంది ఓల్నీ గ్రామమునఁ బనిచేయుచు, ఆ యేఁటనే ప్రచురించిన స్వీయచరిత్రమున, ఆ వ్యాపారము చేయుచున్నంతకాలము దాని న్యాయాన్యాయములను గూర్చి తనకు లేశమైనను శంక కలుగలేదని నిష్కపటముగాఁ జెప్పెను. చెఱసాల కావలివాని పనివంటి పని యని మాత్రము కొంత రోఁత కలిగెడిదఁట. నేఁడు ప్రపంచమంతటను పాడఁబడు అమేజింగ్ గ్రేస్ అను కీర్తనము 1773 నూతనసంవత్సరదిన ప్రార్థనకై యాతఁడు కట్టినది. అప్పటికి ఓడలను విడిచి పందొమ్మిదేండ్లాయెను, బానిసవ్యాపారమునకు విరోధముగా నొక్క పంక్తియు నింకను వ్రాయలేదు.

ఆతఁడు కపటియా? మాకట్లు తోఁపదు. తుపానుదినపు కన్నీరు నిజమైనదే. అయితే ఆ మనస్సు తానెఱిఁగిన పాపములనుండి మాత్రమే మరలెను. త్రాగుడు, దూషణము, వ్యభిచారము పాపములని బాల్యమునఁ దల్లి చెప్పినది, గురువులు చెప్పిరి. మనుష్యుల నమ్ముట పాపమని చెప్పినవారు లేరు. లివర్‌పూలు వర్తకులు గౌరవనీయులు. ఓడలకు భీమా చేయువారు గౌరవనీయులు. ఆ సొమ్ముతో దేవాలయములకుఁ జందా లిచ్చువారు మఱింత గౌరవనీయులు. మన యిండ్లలో బాల్యవివాహములు చేసిన పెద్దలను, వితంతువులకుఁ దల గొఱిగించిన పెద్దలను, మాలపల్లెవానికి నూతినీరు నిరాకరించిన పెద్దలను తలఁచుకొనుఁడు. వారు పాపభీతి లేనివారు కారు. ఏకాదశి తప్పినందుకు కుమిలిపోయినవారే. ఆ కుములుట వీనియందుఁ గలుగలేదు.

న్యూటను 1780లో లండనులోని యొక దేవాలయమునకు గురువయ్యెను. 1785లో యువకుఁడగు విల్బర్‌ఫోర్సు రాజకీయములు విడిచి సన్న్యాసమువంటి జీవితమునఁ బ్రవేశింపవలెనా యని రహస్యముగా వచ్చి యడుగఁగా, పార్లమెంటులోనే యుండి పనిచేయుమని న్యూటను సలహా యిచ్చెను. 1787లో బానిసవ్యాపార నిర్మూలనసంఘ మేర్పడెను. 1788లో, తుపాను జరిగిన నలువదేండ్లకు, న్యూటను ఆఫ్రికా బానిసవ్యాపారమును గూర్చి చిన్న పుస్తకము ప్రకటించెను. తన యొప్పుకోలు ఆలస్యముగా వచ్చుచున్నదని మొదటనే యంగీకరించి, ఓడలో మనుష్యులను బీరువాలో పుస్తకములు పేర్చినట్లు రెండువరుసలుగాఁ బేర్చుటను, ఒకరిపైఁ గాలు పడక యొకరు కదలలేకుండుటను, స్త్రీలను నావికుల పాలుచేయుటను గన్నవాఁడు గనుక కన్నట్లుగా వ్రాసెను. ప్రీవీ కౌన్సిలు సంఘముయెదుటను పార్లమెంటు సంఘముయెదుటను సాక్ష్యమిచ్చెను. ఓడనాయకుని సాక్ష్యమును వర్తకులు కల్లయని త్రోసివేయఁజాలరైరి. ఆ పుస్తకమునందే మాకన్నింటికంటె నెక్కువ బాధ గలిగించు సంగతి యొకటి యున్నది: ఆ వృత్తి తప్పని తలంపును నాఁడు తన స్నేహితులలో నొక్కఁడైనను తనకుఁ గలిగింపలేదని యాతఁడు చెప్పినాఁడు.

1807 మార్చి 25వ తేదీని బానిసవ్యాపారమును నిషేధించు శాసనమునకు రాజాంగీకారము లభించెను. అదే సంవత్సరము డిసెంబరులో న్యూటను మరణించెను. బానిసత్వమును మాన్పు శాసనము 1833 వఱకును రాలేదు. ఆ శాసనముతో రెండుకోట్ల పౌనుల పరిహార మియ్యఁబడెను. బానిసలకుఁ గాదు, బానిసల యజమానులకు! విడుదలయైనవారిలోఁ బెక్కుమంది శిక్షణ యను పేర 1838 వఱకు కూలి లేక పనిచేయవలసివచ్చెను. ఆ పరిహారమునకై చేసిన యప్పు శేషము 2015లోఁ గాని తీఱలేదని బ్రిటిషు ధనాగారమువారు 2018లోఁ బ్రకటించిరి. జక్కయ లెక్క దీనికి విపరీతముగ నుండెను.

న్యూటను ప్రతిసంవత్సరము మార్చి 21వ తేదీని ఏకాంతమునఁ బ్రార్థనతో గడపెడివాఁడు. 1805లో, కన్నులు మసకలై, డెబ్బదితొమ్మిదేండ్ల ప్రాయమున, చక్కఁగ వ్రాయఁజాలకున్నను ఈ దినము మఱలవచ్చినందున వినయముతోను స్తోత్రముతోను దీనిని బాటింప యత్నించుచున్నానని దినచర్యలో రెండు పంక్తులు గీఁచెను. అది గ్రేహౌండు ఓడ తుపానులోఁ జిక్కిన దినము.